తిథి నాది, తేదీ ఆమెది

రోజూ పొద్దున్నే నాకు సంగీతంలో ఎవరో ఒకరు పుట్టి ఉండాలి, లేదా పోయి ఉండాలి. లేకపోతే కాఫీ గొంతు దిగదు. హోసూరు పక్కన మత్తిగిరిలో మా ఇంటి ముందుగదిలో ఒక లావుపాటి రిజిస్టర్ ఉంది. అందులో మూడు వందల అరవై ఆరు పేజీలకి నేనే తేదీలు వేసుకున్నాను. ఒక్కో రోజుకి ఒక్కో పేజీ. ఆ రోజున పుట్టిన గాయకుడు, కన్నుమూసిన వీణ విద్వాంసురాలు, మొదటిసారి రేడియోలో వాయించిన నాదస్వరం ఆయన, ఇలా ఎవరు దొరికితే వాళ్ళని రెండు మూడు చోట్ల సరిచూసుకుని రాస్తాను. ఫిబ్రవరి ఇరవై తొమ్మిదికి కూడా ఒక వేణువు ఆయన దొరికాడు. ఆ రోజు ఇంట్లో పాయసం వండాను.

ఆరు గంటలకల్లా ఆనాటి పేజీని ఫోన్లో కొట్టి మా పాటల గుంపులో పెడతాను. ఒకే అయ్యవారి దగ్గర పాట నేర్చుకున్న ముప్పై మందిమి ఆ గుంపులో ఉన్నాం. అందరూ దండం బొమ్మ పెడతారు. తర్వాత ఏడు గంటలకి, ఆ గుంపులోనే ఉన్న హోసూరు ఆమె లేస్తుంది. నేను రాసిన విద్వాంసుడి పాట ఒకటి తీసుకుని రెండు నిమిషాలు పాడి పెడుతుంది. అంతే, గుంపంతా పువ్వులూ ఎర్ర గుండెలూ కురుస్తాయి. వెతికి పట్టుకున్నది నేను, పువ్వులు ఆమెకి. మా ఆయన ఒకరోజు నా మొహం చూసి, "నీ కుళ్ళు పొయ్యి కింద పెట్టుకుంటే నెలకో సిలిండర్ మిగులుతాది" అన్నాడు. ఆ పూట ఆయన దోసె మాడ్చాను.

ఆ రిజిస్టర్‌లో ఫిబ్రవరిలో ఒక పేజీ పందొమ్మిదేళ్ళుగా ఖాళీ. ఆ రోజు గుంపులో నేనేమీ పెట్టను. మా అయ్యవారు పోయిన తేదీ అది.

అయ్యవారిది కెలమంగలం. మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు, ఒక పాత హార్మోనియం ఆయన ఆస్తి. ప్రతి ఆదివారం బస్సెక్కి మత్తిగిరి వచ్చి ఒక మేడగదిలో పాట చెప్పేవాడు. పురుగులు నాలుగోసారి పొర విడిచి లేచాయంటే మాత్రం వచ్చేవాడు కాదు. అప్పుడు వాటికి రాత్రీ పగలూ ఆకు వెయ్యాలి. ఆ పొర విడవడాన్ని మా వైపు జ్వరం అంటారు. "నాలుగో జ్వరం లేచినాయి, వచ్చే ఆదివారం పాటల్లేవు" అని ఆయన చెబితే ఎవరికో ఒళ్ళు బాగాలేదనుకుని కొత్తగా చేరినవాళ్ళు కంగారు పడేవాళ్ళు.

నేను ఆయన దగ్గర పదకొండేళ్ళు నేర్చుకున్నాను. ఆ పదకొండేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్న మాట ఒక్కటే. "నీ చెవి బంగారమమ్మా." అది నిజమే. గేర్ల ఫ్యాక్టరీలో శబ్దం పరీక్ష గదిలో నా ఉద్యోగమంతా గడిచింది. గాజు తలుపు వేసుకుని, తయారైన గేర్‌బాక్సుని తిప్పి, దాని మోత వినాలి. లోపల ఎక్కడైనా పన్ను మీద పన్ను సరిగా కూర్చోకపోతే సన్నటి ఏడుపు ఒకటి వినిపిస్తుంది. వినిపిస్తే ఎర్ర గీత, లేకపోతే పాసైందని పసుపు చుక్క. మిషన్లు వచ్చాక కూడా అనుమానం ఉన్న బాక్సుని నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. అయ్యవారు నా చెవిని మెచ్చుకున్నాడు సరే, గొంతు గురించి ఒక్క మాటా అనలేదు. ఆయన అనకపోవడాన్ని పదకొండేళ్ళూ విన్నాను.

అప్పుడు ఆమె వచ్చింది. గుంటూరు వైపు మనిషి. భర్తకి హోసూరులో బండ్ల ఫ్యాక్టరీలో పని దొరికితే కాపురం ఇక్కడికి మార్చారు. మొదటి ఆదివారం మేడగదిలో గోడవారగా కూర్చుని, అయ్యవారు అడిగితే ఒక పల్లవి పాడింది. నేను ఆయన చేతినే చూస్తున్నాను. హార్మోనియం తిత్తి మీద ఆయన ఎడమచెయ్యి ఆగిపోయింది. శ్రుతి ఆగిపోయినా ఆమె గొంతు ఆగలేదు, అదే శ్రుతిలో నిలబడి ఉంది. పదకొండేళ్ళలో నా పాటకి ఆ చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ పూట ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

పాట అయ్యాక ఆమె నా పక్కకి వచ్చి కూర్చుంది. "ఎప్పటినుంచి నేర్చుకుంటున్నారక్కా?" అని అడిగింది. పదకొండేళ్ళు అయినాయి, ఇంకా నేర్చుకుంటా ఉండాను అన్నాను. ఆమె నవ్వి, "మీ మాట భలే ముద్దుగా ఉంటుందండీ" అంది. మా ముత్తాతలు ఇక్కడి మెట్టపొలాలు దున్నుకుంటూ మాట్లాడుకున్న తెలుగు ఆమెకి ముద్దు మాట అయింది! నేను అయ్యవారు అంటే ఆమె మాస్టారు అనేది. కొన్నాళ్ళకి సగం మంది మాస్టారు అనడం మొదలుపెట్టారు. ఆమె రెండేళ్ళు నేర్చుకుందో లేదో, అయ్యవారు పోయాడు. మాఘమాసం, శివరాత్రికి మూడు రోజుల ముందు, బహుళ ఏకాదశి.

గొడవ మొదలైంది మరుసటి ఏడాది. మధ్యలో అధిక మాసం పడింది. అందువల్ల ఏకాదశి తేదీకన్నా దాదాపు మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది. అయ్యవారి కొడుకు, వాళ్ళింట్లోవాళ్ళు తిథి ప్రకారమే చేస్తారు కదా. నేనూ ఆ రోజుకే అందరినీ కెలమంగలం రమ్మని చెప్పాలనుకుంటూ ఉన్నాను. ఈలోపు ఆమె తేదీ ప్రకారం హోసూరులో తాము ఉండే అపార్ట్‌మెంట్ హాల్లో దండ వేసి, దీపం పెట్టి, ఆరాధన చేసేసింది. పంచాంగం లెక్కకి ఆయన పోయి ఏడాది నిండనే లేదు! అదే మాట ఆమెకి ఫోన్ చేసి అడిగాను. "అయ్యో, మాకు తేదీలేనండీ గుర్తుంటాయి. మీరు తిథికి చెయ్యండక్కా, మేమంతా వస్తాం" అంది. నిజంగానే వచ్చింది. అందరికంటే ముందు వచ్చి, పురుగుల షెడ్డు ఊడ్చి, చాపలు పరిచి, పాట కూడా పాడింది. నాకు కడుపు మండింది.

అప్పటినుంచి తిథి నాది, తేదీ ఆమెది. తిథినాడు కెలమంగలంలో ఖాళీ షెడ్డులో పాటలు, తర్వాత రాగిముద్ద, అనపగింజల పితికిపప్పు. తేదీనాడు హోసూరులో మైకు, బ్యానర్, కేసరీబాత్. నా తిథికి ఆమె ప్రతి ఏడాదీ వచ్చేది. ఆమె తేదీకి నేను ఒక్కసారి కూడా పోలేదు. డ్యూటీ అన్నాను, జ్వరం అన్నాను, చుట్టాలొచ్చారన్నాను. మరుసటి రోజు ఆమె గుంపులో పెట్టే వీడియోలు తెరవలేదు. ఎవరైనా ఆ రోజు సంగతి ఎత్తితే పాలు పొంగుతున్నాయని లేచిపోయేదాన్ని.

ఆ పేజీ ఖాళీగా ఉండటానికి కారణం అదే. ఆ తేదీన పుట్టిన వయొలిన్ ఆయన ఒకడున్నాడని నాకు తెలుసు. గ్రామఫోను రోజుల నాటి గాయని ఒకావిడ ఆ తేదీనే పోయిందనీ తెలుసు. అయితే ఆ పేజీ మీద ఏం రాయాలన్నా మొదట మా అయ్యవారిని రాయాలి. రాసి పొద్దున ఆరింటికి గుంపులో పెడితే, ఆమె సభకి నేను పిలుపు పంపినట్టే కదా? అందుకని ఊరూ పేరూ తెలియని డోలు వాయిద్యగాళ్ళకి కూడా పేజీలిచ్చి, నాకు సరిగమలు చెప్పిన మనిషికి మాత్రం ఇవ్వలేదు. ఆయన తిథికి వస్తాడు, తిథికి రిజిస్టర్‌లో పేజీ ఉండదు, నేనేం చెయ్యను అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

పోయిన ఏడాది రిటైరయ్యాను. ఈ జనవరిలో కొత్త షీట్ క్యాలెండర్ కొని, అలవాటుగా మాఘ బహుళ ఏకాదశి కోసం ఒక్కో షీటూ ఎత్తి చూస్తూ పోయాను. దొరికింది. కింద ఉన్న ఇంగ్లీషు అంకె చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నాను. అదే తేదీ. పందొమ్మిదేళ్ళకొకసారి తిథీ తేదీ మళ్ళీ ఒకచోటికి వస్తాయని పంచాంగం చూసే మా చిన్నాన్న ఎప్పుడో చెప్పాడు. నేను మరిచిపోయాను, క్యాలెండర్ మరిచిపోలేదు.

ఇన్నేళ్ళూ జనం రెండు చోట్లకీ పోయేవాళ్ళు. ఈసారి ఎటో ఒకవైపే పోవాలి. ఆ ముప్పై మందిలో ఎంతమంది షెడ్డుకి వస్తారో, ఎంతమంది హాలుకి పోతారో చూస్తే, అయ్యవారి తర్వాత వాళ్ళకి ఎవరు లెక్కో తేలిపోతుంది. ఆ ఆలోచన వచ్చాక నాకు ఇంకో ఆలోచన రాలేదు.

వారం తిరక్కుండా ఆమె ఫోన్ చేసింది.

"అక్కా, ఈసారి తిథీ తేదీ ఒకేరోజు పడ్డాయండీ. చూశారా?"

"చూసినాను."

"కలిపి చేసుకుందామా? మీరెక్కడంటే అక్కడే."

"మేము ఎప్పుడూ చేసే చోటే చేస్తామమ్మా. నీ హాలు నువ్వు చూసుకో."

"సరే అక్కా, మీ ఇష్టం" అంది. ఒక్క మాటైనా ఎదురు చెబుతుందేమోనని చూశాను. చెప్పలేదు. పోట్లాడటానికైనా నేను పనికిరానా అని ఇంకా మండింది.

ఆ నెలంతా ఓట్లడిగినట్టు ఫోన్లు చేశాను. "కెలమంగలం వస్తారు కదప్పా?" అంటే ఒకాయన మోకాళ్ళన్నాడు. ఒకావిడ, "హాలుకైతే మా ఇంటి ముందునుంచే షేర్ ఆటో ఉందక్కా" అంది. అనపకాయల కాలం కాబట్టి పితికిపప్పు ఆశ చూపించాను. దాంతో పదకొండు మంది ఒప్పుకున్నారు. వాళ్ళ పేర్లు రిజిస్టర్ వెనక అట్ట మీద రాసుకున్నాను. పదిహేను దాటితే నేను గెలిచినట్టు.

ఇంక రెండు రోజులుందనగా అయ్యవారి కొడుకు ఫోన్ చేశాడు. ఆయనకీ నలభై దాటాయి, తండ్రి లాగే పురుగులు మేపుతాడు. ప్రతి ఏడాదీ తిథికి షెడ్డు ఖాళీ అయ్యేలా లెక్క చూసుకునే పురుగులు తెచ్చేవాడు.

"అక్కా, ఈ తూరి చలికి పురుగులు వెనకబడినాయి. నిన్ననే నాలుగో జ్వరం లేచినాయి. షెడ్డు నిండా ఉండాయి."

"ఇంట్లో చేస్తాం లేప్పా, షెడ్డు ఎందుకు?"

"ఇల్లూ షెడ్డూ ఒకే గోడ కదక్కా. ఊదొత్తి పొగ తగిలినా పోతాయి. అంతమంది కాళ్ళు కడుక్కోకుండా తిరిగితే రోగం. నాయన ఉంటే ఆయనే వద్దనే వాడు. ఇంట్లో మేము సుమ్నే, ఊరికే ఒక దీపం పెట్టుకుంటాం. ఈ తూరి మీరంతా ఆడికే పోండి. ఆమె కూడా నాయనకే చేస్తా ఉంది కదా."

ఆయన అన్నదాంట్లో ఒక్క తప్పు లేదు. అయ్యవారు బతికి ఉండగా పురుగుల కోసం పాటలు ఆపేవాడు, పోయాక కూడా అదే పని చేశాడు. నా పదకొండు మందికీ ఫోన్లు చేసి కెలమంగలం లేదని చెప్పాను. ఎవరూ బాధపడలేదు. ఒకాయనైతే, "అబ్బ, మంచి పని అయింది" అన్నాడు.

పోకుండా ఉండిపోదామనే అనుకున్నాను. ఆ పొద్దున ఆరింటికి అలవాటుగా రిజిస్టర్ ముందు కూర్చున్నాను. ఖాళీ పేజీ తెరుచుకుంది. తిథి కూడా ఇవాళే, ఇంక సాకు లేదు. అయినా పెన్ను కదల్లేదు, గుంపులో ఏమీ పెట్టలేదు. పదింటికి చీర మార్చుకుని బయల్దేరాను. ఎందుకు పోతున్నానో మా ఆయన అడగలేదు, ఆయనకి ఆ మాత్రం తెలివి ఉంది.

హాలు మెట్ల దగ్గర చెప్పుల స్టాండు పక్కనే ఒక కుర్చీ ఉంటే దాంట్లో కూర్చున్నాను. గుంపులో ఉన్నవాళ్ళందరూ ముందు వరసల్లో ఉన్నారు. వేదిక మీద అయ్యవారి ఫోటో పెద్దది చేసి పెట్టారు. పాత గ్రూపు ఫోటోలోంచి ఆయన్ని ఒక్కడినే కత్తిరించినట్టున్నారు. ఆయన కుడిభుజం పక్కన, ఫ్రేము అంచున, వేలెడంత ఆకుపచ్చ ముక్క కనిపిస్తోంది. అది నా చీర. ఆ ఫోటో తీసినరోజు ఆయన పక్కన నిలబడింది నేను. పందొమ్మిదేళ్ళుగా దండ ఆయనకీ నా చీర ముక్కకీ కలిపి వేస్తున్నారని అప్పుడు తెలిసింది. లేచి వెళ్ళిపోదామనుకునేలోపు ఆమె మైకు ముందుకొచ్చింది.

"ప్రతి ఏడాదీ చెప్పేదే మళ్ళీ చెబుతానండీ" అని మొదలుపెట్టింది. "రోజూ పొద్దున అక్క మనకి ఆ రోజు సంగీతంలో ఎవరు పుట్టారో, ఎవరు వెళ్ళిపోయారో చెబుతారు కదా. ఏడాదిలో ఒక్క ఇవాళ మాత్రం ఏమీ రాయరు. ఈ తేదీన వేరే పెద్దవాళ్ళు లేక కాదు, నేను వెతికి చూశాను, ఉన్నారు. మాస్టారి పక్కన ఇంకొకరి పేరు పెట్టడానికి ఆవిడకి చెయ్యి రాదు. మేం పాడి తలుచుకుంటాం. ఆవిడ ఆ ఒక్క పేజీ ఆయనకి వదిలేసి తలుచుకుంటారు. అందుకే మన సభ ఎప్పుడూ ఒక్క నిమిషం ఏమీ మాట్లాడకుండా మొదలవుతుంది. అది అక్క పేజీ."

అందరూ లేచి తలలు వంచారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆ నిమిషంలో నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. నా కుళ్ళుకి వీళ్ళు ఇన్నేళ్ళుగా లేచి నిలబడి మౌనం పాటిస్తున్నారు.

తలెత్తినప్పుడు ఆమె నన్ను చూసింది. మొహం వెలిగిపోయింది. "అక్క వచ్చారు!" అని మైకులోనే అరిచింది. హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఎవరో చెయ్యి పట్టుకుని ముందుకి లాక్కుపోయారు, ఎవరో మైకు చేతిలో పెట్టారు. నాకు సభలో మాట్లాడటం రాదు. పాడటం అంతకంటే రాదు. నోటికి వచ్చింది చెప్పేశాను.

"అది భక్తి కాదమ్మా. కుళ్ళు. ఈ యమ్మ మీద కుళ్ళుతో నేను రాయలేదు."

హాలంతా గొల్లున నవ్వింది. చప్పట్లు కొట్టారు. "అక్క ఎంత తమాషా మనిషి!" అని ముందు వరసలో ఎవరో అన్నారు. "నిజంగానే చెప్తాండాను" అన్నాను. ఇంకా నవ్వారు. నవ్వనిది ఆమె ఒక్కతే. నా చేతిలోంచి మైకు తీసుకుని, నన్ను హార్మోనియం పక్కనే కూర్చోబెట్టింది.

తర్వాత పాడింది. మొదటి ఆదివారం మేడగదిలో పాడిన అదే పల్లవి. నేను కళ్ళు మూసుకుని, గాజు తలుపు వేసుకున్నట్టే విన్నాను. ఎక్కడో ఒకచోట సన్నటి ఏడుపు ఉంటుంది, ఇన్నేళ్ళకి గొంతు కొంచెమైనా అరిగి ఉంటుంది, ఒక్క స్వరమైనా జారుతుంది అని చెవులు రిక్కించాను. ఉంటే నాకు దొరకకుండా పోదు. చరణం అయింది, మళ్ళీ పల్లవికి వచ్చింది. దొరకలేదు. అయ్యవారు చివర్లో తేలిగ్గా ఒక గమకం వేసి వదిలేసేవాడు. దాన్ని కూడా ఆయన వదిలినచోటే వదిలింది.

భోజనాల దగ్గర నా విస్తట్లో ఆమే వడ్డించింది. కేసరీబాత్ పక్కన పితికిపప్పు ఉంది. నేను కెలమంగలంలో పెడతానన్నదే. ఎవరు చెప్పారో అడగలేదు. "రేపు పొద్దున ఆరింటికి పేజీ పెడతారు కదక్కా?" అంది. "పెడతాను" అన్నాను. మైకులో ఆ మాటలు నిజంగా నమ్మి చెప్పిందా, ఏటేటా పదిమందిలో నా పరువు కాపాడటానికి చెప్పిందా అన్నదీ అడగలేదు. నమ్మి చెప్పి ఉంటే ఆమె మనసు నాకంటే మంచిది. తెలిసే చెప్పి ఉంటే ఇంకా మంచిది. ఎటు చూసినా నాకు కుళ్ళే.

మధ్యాహ్నం మూడున్నరకి ఇల్లు చేరాను. చీర కూడా మార్చుకోకుండా రిజిస్టర్ తెరిచాను. మొదట అయ్యవారి పేరు రాశాను. కింద వయొలిన్ ఆయన, గ్రామఫోను గాయని. వాళ్ళ కింద ఆమె పేరు రాసి, ఈ రోజున హోసూరులో పాడింది అని రాశాను. తర్వాత మనవరాలి రంగుల పెట్టెలోంచి పసుపు స్కెచ్ పెన్ను తీసి, ఆ పేరు పక్కన ఒక చుక్క పెట్టాను. కాస్త గట్టిగానే నొక్కినట్టున్నాను, వెనక పేజీకి కూడా అంటింది.